గుడ్డకు అంటిన నలుపు

పోయిన వారం భాగంలో మీరు నన్ను కారు ముందు, చేతిలో తడిగుడ్డతో వదిలేసి వెళ్లారు. నేను ఇంకా అక్కడే ఉన్నాను. ఎక్కడికి పోతాను, రమ్మనేవాళ్లెవరు గనుక?

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు మధులత. టేకులపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన మా ఇల్లు. మా ఆయన హరిప్రసాద్ కిరాయి కారు నడిపేవాడు. భద్రాచలం పోయే భక్తులకైనా, కొత్తగూడెం దవాఖానాకు పోయే రోగులకైనా హరన్న బండే కావాలి. పోయిన ఏడు వానాకాలంలో ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గోడకు చేరగిలబడ్డాడు, మళ్లీ లేవలేదు. పిల్లలు లేరు. మిగిలింది నేనూ, ఈ నల్ల కారూ. అమ్మెయ్యమని అందరూ చెప్పారు. చెప్పినంత తొందరగా ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు కూడా. నేను మొండిదాన్ని కదా, డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను.

అడవి లోపలి బడులకు రోజూ పోయొచ్చే టీచర్లకు ఒక బండి కావాలట. హెడ్మాస్టరు వెంకటేశ్వరరావు సారు వచ్చి కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "నువ్వు నడుపుతవు, బండి నడుస్తది, అంత మంచిగనే ఉన్నదమ్మా. గని గిట్ల బూడిద పూసుకున్న బండిల మా మేడమ్‌లు ఎక్కరు. సోమవారం మళ్ల వస్త. అప్పటికి జర మనుషులు ఎక్కేటట్టు చెయ్యి. లేకుంటే ఇల్లందు నుంచి వేరే బండి మాట్లాడుకుంటం" అన్నాడు.

అదీ సంగతి. సోమవారం సారు తల అడ్డంగా ఊపితే కారు అమ్మక తప్పదు. కారు పోతే నాకు పొద్దున లేవడానికి కారణం ఉండదు. ఇందులో పెంచి చెప్పేదేమీ లేదు, ఉన్నమాటే.

రంగు వేయించే స్తోమత నాకు లేదు. అందుకని ఫోనులో వీడియోలు పెట్టుకుని కూర్చున్నాను. అందులో మాట్లాడే ఆయన ఎక్కడివాడో గానీ మొదటి మాటతోనే నా నోరు మూయించాడు. నల్ల కారు మీద పడ్డ దుమ్మును పొడిగుడ్డతో ఎప్పుడూ తుడవకండి, అది సన్నటి ఇసుకతో రుద్దినట్టే అన్నాడు.

మా బొగ్గు ఊళ్ల సంగతి ఆయనకేం తెలుసు! మేం మొహం కడుక్కోకముందే దుమ్ము తుడుస్తాం. కిటికీ ఊచలు, మంచం పట్టెలు, సైకిలు సీటు, దేవుడి పటం, అన్నీ తుడిచాకే చాయ్ నీళ్లు పొయ్యెక్కుతాయి. తుడవని ఇల్లాలిని మా అమ్మలు ఇల్లాలి కిందే లెక్కపెట్టేవాళ్లు కాదు. మా ఆయనా అంతే. రోజూ పొద్దున భుజం మీది తువ్వాలు తీసి కారు మీది బొగ్గుపొడిని కసాబిసా తుడిచేవాడు. దూరం కిరాయి ఉన్న రోజు గుడ్డకు కాస్త డీజిల్ అద్ది మరీ మెరిపించేవాడు. ఆ డీజిల్ జిడ్డుకు సాయంత్రానికి రెట్టింపు దుమ్ము పట్టేది, మర్నాడు మళ్లీ తుడిచేవాడు. ఆయన పోయాక అదే తువ్వాలుతో నేను తుడిచాను. తువ్వాలులో ఆయన వాసన పోయేదాకా తుడిచాను, పోయాక కూడా తుడిచాను. ఆ పూట ఆ ఒక్క పని చేస్తున్నంతసేపూ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు ఉండేది. తీరా చూస్తే మేమిద్దరం ప్రేమగా తుడిచి తుడిచి దాని తోలు ఒలిచిపెట్టాం.

సరే, అయిందేదో అయింది. ఇవాళ పొద్దున్నే కారును రేకుల పందిరి కిందికి నెట్టాను. ఎండలో ఈ పని చేయకూడదట. ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, ఇంకో బకెట్టులో మంచినీళ్లు పెట్టుకున్నాను. ముందు పైపుతో దుమ్మంతా జారిపోయేలా నీళ్లు కొట్టి, ఆ తర్వాతే గుడ్డ తాకించాను. ఆరాక వేళ్లకు పాలిథిన్ సంచి తొడిగి రేకు మీద నిమిరాను. ఉత్త చేతికి తెలియని గరుకు సంచిలోంచి తెలుస్తుందట. నిజమే, ఉప్పు చల్లినట్టు తగిలింది. ఆటో సామాన్ల కొట్లో తెచ్చిన రుద్దే ముద్దను, రబ్బింగ్ కాంపౌండ్ అంటారులే, మా ఆయన పాత బనియను ముక్కకు బఠాణీ గింజంత అద్దుకుని, ముందు బానెట్టు మూల జానెడు చోటులో రుద్ది చూశాను. ఎక్కడపడితే అక్కడ మొదలుపెట్టకుండా, చిన్న చోటులో చూసుకోవాలన్నమాట.

రుద్ది తుడిచేసరికి ఆ జానెడు చోటు నల్లగా నిగనిగలాడింది. వంగి చూస్తే అందులోంచి ఎవరో నా మొహంలోకి చూస్తున్నారు. ఏడాది తర్వాత ఒక మనిషి నన్ను అంత దగ్గరగా చూసినట్టు అనిపించి ఉలిక్కిపడ్డాను. తీరా అది నేనే. నవ్వొచ్చింది, ఆ వెంటనే ముక్కు చీదుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నానికి బానెట్టు, కుడిపక్క తలుపులు అయ్యాయి. భుజాలు పట్టేశాయి. కప్పు మీద పై పొర పొట్టులా లేచిపోయిన చోట ఎంత రుద్దినా లాభం లేదని వీడియో ఆయన ముందే చెప్పాడు. పోనీలే, సారు పొట్టివాడు, కప్పు ఆయనకు కనబడదు.

అప్పుడు ఎడమ పక్కకు వచ్చాను.

ముందు చక్రం పైన వంపు తిరిగి ఉండే రేకు, దాని మీద పది సార్లు కూడా రుద్దలేదు, బనియను ముక్క నల్లబడింది. అప్పటిదాకా గుడ్డకు తెల్లటి మడ్డి తప్ప ఏమీ అంటలేదు. ఇక్కడ మాత్రం కాటుక తుడిచినట్టు నలుపు వస్తోంది. భయపడి వీడియో వెనక్కి తిప్పాను. కంపెనీలో వేసిన రంగు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది కాబట్టి గుడ్డకు రంగు అంటదట. అంటిందంటే ఆ పొర అరిగిపోయైనా ఉండాలి, లేదంటే ఆ రేకుకు తర్వాత ఎవరో షెడ్డులో రంగు కొట్టి ఉండాలి.

ఈ కారును షోరూములో హారతి ఇచ్చి ఇంటికి తెచ్చింది నేను. దీనికి మళ్లీ రంగు వేసిన సంగతి నాకు తెలియదు.

అలా గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డప్పుడే గేటు దగ్గర బైకు ఆగింది. చందర్.

చందర్ మా ఆయనకు తమ్ముడి లాంటివాడు. ఇద్దరూ ఒక స్టాండులో బండ్లు పెట్టేవాళ్లు, ఒకరి బండి ఒకరు నడిపేవాళ్లు, ఒక పళ్లెంలో తినేవాళ్లు. ఆయన ఉన్న రోజుల్లో కూడా చివరికొచ్చేసరికి ఒక్క సంత రోజు మాత్రం మా గడప తొక్కేవాడు కాదు. "సంతనాడు కిరాయిలు ఎక్కువుంటయి వదినా" అనేవాడు. ఆయన పోయాక ఏ రోజూ తొక్కలేదు. నేను ఎంత బాధపడ్డానో వాడికి తెలియదు. ఇవాళ సంత. ఇవాళే వచ్చాడు.

"వదినా, మంచిగున్నవా? బండి కడుగుతున్నవని స్టాండుల చెప్పుకుంటుండ్రు" అన్నాడు, హెల్మెట్ చేతిలో పట్టుకుని.

"కడగడం అయింది. రుద్దుతున్న. ఇన్ని రోజులకు తొవ్వ కనబడ్డదా మా ఇంటికి?"

వాడు కారు చుట్టూ తిరిగి బానెట్టు చూశాడు, కుడిపక్క చూశాడు, తల ఊపాడు. నా చేతిలోని గుడ్డ చూడగానే మొహం మారిపోయింది.

"వదినా, ఆ ఎడమ పక్క ముట్టకు."

"ఎందుకు?"

"ఏం లేదు. అక్కడ రంగు పల్చగ ఉంటది. రుద్దితే లేచిపోతది."

"పల్చగ ఉన్నదని నీకెట్ల ఎరుక చందరూ?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వాడు తన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఊకనే చెప్పిన. పాత బండి కదా."

"మొత్తం బండి ఒక్కనాడే పాతదైంది. ఈ ఒక్క రేకు రంగే ఎందుకు పల్చగున్నది?"

నాకు ఒళ్లు మండింది. సామాన్ల కొట్టువాడు అంటగట్టిన నల్ల గరుకు కాగితం, వాటర్ పేపరు అంటారు, ఒకటి నా దగ్గర ఉంది. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దని వీడియో ఆయన రెండు చేతులూ జోడించి మరీ చెప్పాడు. నేను దాన్ని నీళ్లలో ముంచి ఆ వంపు మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాను.

"వదినా, వద్దు! నీ కాళ్లు మొక్కుత, ఆపు!"

ఆపలేదు. నలుపు పోయి బూడిదరంగు వచ్చింది. బూడిదరంగు పోయి పసుపచ్చటి లప్పం వచ్చింది. ఇంటి గోడ పగుళ్లకు పెట్టినంత లప్పం, నా అరచెయ్యి వెడల్పున. రేకు అంత లోతుకు సొట్టపోతే గానీ అంత లప్పం పెట్టరు. దేన్నో గట్టిగా కొట్టింది ఈ కారు.

కాగితం కింద పడేశాను. "చెప్పు" అన్నాను.

చందర్ అరుగు మీద కూలబడ్డాడు. లారీలు పోతూనే ఉన్నాయి, కడిగిన బానెట్టు మీద అప్పుడే సన్నగా నల్లటి పొడి దిగుతోంది.

"హరన్న పోయే ముందటి ఏడు, వానాకాలం. అడవి తొవ్వల, చీమలగుంపు ఊరు రాకముందు మలుపున్నది చూడు, అక్కడ. మాపటేళ. వాన గట్టిగ పడుతుంది. తొవ్వ పక్కన ఒక మనిషి మూట ఎత్తుకుని నడుస్తుండు. కనబడలె వదినా. బండి తగిలింది."

"తగిలినంక?"

"ఆగలె." వాడు హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకున్నాడు. "హరన్న ఆగలె. పోలీసులు, కోర్టు, లైసెన్సు పోతదని బుగులు పడ్డడు. తెల్లారి కొత్తగూడెంల తెలిసిన షెడ్డుకు తీసుకపోయి సాఫ్ చేయించినం."

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. క్లచ్చు పోయింది, బండి షెడ్డులో పెట్టానని చెప్పి ఆయన బస్సులో ఇంటికొచ్చాడు. అన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకోకుండా పళ్లెంలోనే చెయ్యి కడిగాడు. కిరాయి పోయిందని బాధేమో అనుకున్నాను.

"ఎవరా మనిషి? బతికిండా?"

"బతికిండు. కాలు పోయింది." చందర్ తల ఎత్తలేదు. "నీకు ఎరుకున్న మనిషే. భద్రయ్య తాత."

ఇక్కడ నేను మీకు భద్రయ్య గురించి చెప్పాలి. వారం మొత్తం మీద నా గుమ్మం ఎక్కే మనిషి ఆయనొక్కడే. చీమలగుంపు గూడెంలో ఒక్కడే ఉంటాడు, కోయాయన, అరవై దాటిన వయసు. ప్రతి సంతకూ కర్ర పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ వస్తాడు. కాలికేమైందంటే తేనెకు చెట్టెక్కి పడ్డానని చెప్పాడు. మొదట ఆయన్ను ఇంటికి తెచ్చింది మా ఆయనే. "మా తొవ్వ మీద దొరికిన పెద్దయ్య, ఇంత అన్నం పెట్టు" అన్నాడు. నా మొగుడిది ఎంత జాలిగుండె అని మురిసిపోయాను. ఆయన పోయాక కూడా భద్రయ్య రావడం మానలేదు. కాలాన్నిబట్టి అడవి గడ్డలో, చీపుర్లో, ఉసిరికాయలో తెస్తాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతాడు, నేను వాగేదంతా వింటాడు. ఆరు రోజులు ఒక గ్లాసు కడుక్కునే నేను సంతనాడు రెండు గ్లాసులు కడుగుతాను. ఆ రెండో గ్లాసు కోసమే వారమంతా గడుపుతానంటే మీరు నవ్వినా సరే.

నాకు ఏడుపు రాలేదు. మొదట కోపం వచ్చింది. చచ్చినవాడి మీద కోపమంత దరిద్రం ఇంకొకటి లేదు. ఎదురుగా నిలబెట్టి ఎందుకు చేశావని అడగడానికి మనిషి ఉండడు, గోడకు పటం ఉంటుంది. వాన నీళ్లలో ఒక ముసలాయన్ను వదిలేసి వచ్చిన చేతితో నా పక్కన పడుకున్నావా హరీ, అనుకున్నాను.

"ఆయనకు తెల్వదు వదినా" చందర్ లేచి దగ్గరికొచ్చాడు, గొంతు తగ్గించి. "హరన్న ఎన్నడు చెప్పలె. పాపం తీర్చుకుందామని తిండి పెట్టిండు, గంతే. నువ్వు గూడ చెప్పకు. చెప్తే ఇగ ఈ గడప తొక్కుతడా? ఇంకో మాట గూడ విను. రేపు బడి టీచర్లను ఎక్కించుకుని నువ్వు పోవాల్సింది ఆ తొవ్వనే. చీమలగుంపు నడిమిట్ల నుంచే. తెలిసినంక ఆ బండిని అటు రానిస్తరా? తాళంచెవి ఇటియ్యి. జల్దీ తీసుకపోయి ఆ రేకు రంగు కొట్టించుకొస్త. సోమవారానికి బండి కొత్తగుంటది. ఎవరికీ ఏం తెల్వదు."

నిజం చెప్పాలా, నా చెయ్యి కొంగుకు కట్టుకున్న తాళంచెవి మీదికి పోయింది. వాడు చెప్పిందంతా లెక్కకు సరిపోయింది. కారు మిగులుతుంది, పని దొరుకుతుంది, రెండో గ్లాసూ మిగులుతుంది. నోరు మూసుకుంటే చాలు.

గేటు దగ్గర కర్ర చప్పుడైంది.

చందర్ ఒక్క గంతులో బైకు దగ్గరికి పోయాడు. తలకు హెల్మెట్ తగిలించుకుంటూ, "జరుగు తాతా, బండి తీసుకోవాలె" అన్నాడు. భద్రయ్య గేటు మధ్యలోనే ఆగిపోయాడు. జరగలేదు. వాడి వైపు ఒకసారి చూసి, కర్ర గేటుకు ఆనించి, తలమీది గంప దించుకున్నాడు. గంపలో ఉసిరికాయలున్నాయి.

"ఏం బిడ్డా, బండికి తానం చేయిస్తున్నవా?"

ఆ పిలుపు వినగానే నాకు తెలిసిపోయింది, ఈయనకు అబద్ధంతో చాయ్ పోయలేనని. పోస్తే ఆ రెండో గ్లాసు నాకు విషమే. ఒంటరిగా ఉండటం నాకు చేతనవును, ఏడాదిగా చేస్తున్న పనే కదా.

"పెద్దయ్యా, కూసోకముందు ఒక మాట విను. విన్నంక కూసుంటవో పోతవో నీ ఇష్టం." తాళంచెవి ఉన్న కొంగు ముడి బిగించాను. "నువ్వు చెట్టు మీది నుంచి పడలె. నిన్ను కొట్టింది ఈ బండి. నడిపింది మా ఆయన. గుద్ది, ఆగకుంట వచ్చేసిండు. నాకు ఇప్పుడే తెలిసింది. నన్ను తిట్టు, ఏమన్న అను, గని ఇది తెల్వకుంట నువ్వు ఇక్కడ చాయ్ తాగొద్దు."

భద్రయ్య కుంటుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. వంగి, నేను గీకిపెట్టిన లప్పం మీద అరచెయ్యి ఆనించాడు. వేలితో దాని అంచు వెంట మెల్లగా నిమిరాడు.

"ఈ బండే" అన్నాడు. "నాకు ఎరుకే బిడ్డా."

"ఎరుకనా? ఎప్పటి సంది?"

"మీ ఆయన నన్ను వెతుక్కుంట మా గుంపుకు వచ్చిన్నాటి సంది. నా బండి తగిలింది పెద్దయ్యా, తప్పు నాదే అని నా కాళ్లకాడ కూసున్నడు. పెద్ద దవాఖానాకు తీసుకపోయి కట్టు కట్టించిండు. నీకు చెప్పొద్దన్నడు. అందుకే చెట్టు మాట చెప్పిన."

"మరి అంత తెలిసి కూడ ఎందుకొచ్చినవ్ పెద్దయ్యా ఈ ఇంటికి? ఆయన పోయినంక కూడ ఎందుకొచ్చినవ్?"

"ఆయన ఉన్నప్పుడు పిలిచిండని వచ్చిన. పోయినంక, నువ్వు ఒక్కదానివే ఉన్నవని వచ్చిన" అన్నాడు, అందులో అడగడానికేముందన్నట్టు.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఏడాది పాటు దాచిపెట్టినదంతా వచ్చింది. కారు మీద చెయ్యి వేసి, వీధిలో లారీ డ్రైవర్లు చూస్తున్నా సరే, బావురుమన్నాను. భద్రయ్య నన్ను ఊరుకోమనలేదు. నా ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పాడు.

"గని ఒకటి తప్పు చెప్పినవ్. నడిపింది మీ ఆయన కాదు."

నేను తలెత్తాను. గేటు బయట చందర్ బైకు బటను నొక్కుతున్నాడు, అది గురగురమని ఆగిపోతోంది.

"ఆ మాపు గుద్దినోడు బండి దిగిండు బిడ్డా. ఫోను లైటు నా మొహం మీద కొట్టి చూసిండు. తాతా, తాతా అని పిలిచిండు. నేను పలికిన. పలికినంక గూడ ఎక్కి పోయిండు. మీ ఆయన గుంపుకొచ్చినప్పుడే నేనన్న, ఆ గొంతు నీది కాదు కదా అని. ఆయన తల దించుకున్నడు. ఎవరని నేను అడగలె, ఆయన చెప్పలె." భద్రయ్య గేటు వైపు తిరిగాడు. "ఆ గొంతు మళ్ల ఇయ్యాల్నే విన్న."

బైకు స్టార్టయింది. కానీ కదలలేదు.

చేయని తప్పును మోసి, నాతో కూడా చెప్పకుండా పోయావా హరీ! ఇందాక తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవడానికి ఆయన ఎక్కడున్నాడు?

భద్రయ్య ఎప్పటిలాగే అరుగు మీద తన చోటులో కూర్చుని కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. "చాయ్ పెట్టు బిడ్డా. మూడు గ్లాసులు. ఆ పిల్లగాడు గూడ తాగుతడు. ఎందుకు ఇడిసిపెట్టి పోయినవని అడగాలె, ఎన్నొద్దులో అయింది."

చందర్ బైకు ఆపేశాడు. హెల్మెట్ తీశాడు. భద్రయ్య వైపు చూసే ధైర్యం లేక నా వైపు చూశాడు.

"అవ్ వదినా, నడిపింది నేనే" అన్నాడు. "గని ఆ మాపు బండిల నేను ఒక్కన్నే లేను."